"అతని మీద కేసులున్నాయా?": నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో నేరరికార్డు ఎక్కడ ఉంటుంది, ఎవరికి దొరుకుతుంది

పెళ్లి సంబంధం దాదాపు ఖాయమైన దశలో "అబ్బాయి మీద ఏవో కేసులున్నాయట" అన్న మాట చెవిన పడితే ఆడపిల్ల తండ్రి నిజానిజాలు ఎక్కడ కనుక్కోవాలి? రాత్రి పొద్దుపోయాక కొడుకును పోలీసులు తీసుకెళ్లారని విన్న తల్లి తెల్లవారేసరికి ఏ ఆఫీసు గడప తొక్కాలి? నెల్లూరు ట్రంకు రోడ్డులో దుకాణం నడిపే వ్యాపారి, గల్లాపెట్టె అప్పగించబోయే కొత్త గుమాస్తా గతాన్ని ఎలా తెలుసుకోవాలి? ముగ్గురూ అడుగుతున్నది పైకి ఒకే ప్రశ్నలా కనిపిస్తుంది. అయితే ముగ్గురికీ జవాబు వేర్వేరు ఆఫీసుల్లో, వేర్వేరు కాగితాల్లో ఉంటుంది. కొందరికి ఆ జవాబును చట్టం ఇవ్వమంటుంది, కొందరికి ఇవ్వొద్దంటుంది. ఈ తేడా తెలియకపోవడం వల్లనే జనం బ్రోకర్లకు డబ్బులు పోసుకుంటున్నారు, ఏ తప్పూ చేయని మనుషుల మీద ఏళ్ల తరబడి మచ్చ మిగిలిపోతోంది.

ముందుగా ఒక అపోహ తొలగాలి. ఒక మనిషి పేరు కొడితే అతని మీదున్న కేసులు, అరెస్టులు, జైలు రోజులు అన్నీ ఒక్కచోట చూపించే పబ్లిక్ రిజిస్టరు మన దేశంలో లేదు. ఇంటర్నెట్‌లో అలాంటిదేదో ఉందన్న భ్రమ చాలావరకు అమెరికా నుంచి వచ్చింది. అక్కడ అనేక కౌంటీల్లో షెరీఫ్ కార్యాలయాలు జైల్లో ఉన్నవారి జాబితాను బహిరంగంగా ఉంచుతాయి. ఫెడరల్ జైళ్ల శాఖ తన పోర్టల్‌లో 1982 నుంచి తమ దగ్గర ఉన్న ఖైదీలను పేరుతో వెతకనిస్తుంది. ఆ సమాచారాన్ని పోగుచేసి అమ్మే ప్రైవేటు సైట్లు కూడా అక్కడ ఉన్నాయి. పిల్లలు అమెరికాలో స్థిరపడిన కుటుంబాలు మన జిల్లాల్లో తక్కువేమీ కాదు కనుక, అక్కడి పద్ధతే ఇక్కడా ఉంటుందని అనుకోవడం సహజం. ఇక్కడి చట్టం దారి వేరు. ఇక్కడ కేసు ఏ దశలో ఉంటే ఆ దశకు ఒక కాగితం పుడుతుంది, ఆ కాగితాన్ని ఒక ఆఫీసు కాపాడుతుంది, దాన్ని ఎవరు చూడవచ్చో ఒక్కొక్క నియమం చెబుతుంది.

మొదటి కాగితం ఎఫ్‌ఐఆర్. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన నేర విచారణ పద్ధతుల చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఇది 173వ సెక్షన్ కిందికి వస్తుంది. పాత సీఆర్‌పీసీలో 154. ఫిర్యాదు చేసిన వ్యక్తికి దీని నకలు ఉచితంగా ఇవ్వాలి. ముద్దాయికీ, బయటివారికీ దారి తెరిచింది మాత్రం సుప్రీంకోర్టు. యూత్ బార్ అసోసియేషన్ కేసులో 2016 సెప్టెంబరు 7న ఇచ్చిన తీర్పులో, ఎఫ్‌ఐఆర్ నమోదైన 24 గంటల్లోగా దాన్ని పోలీసు వెబ్‌సైటులో పెట్టాలని కోర్టు ఆదేశించింది. ఇంటర్నెట్ సదుపాయం సరిగా లేని చోట్ల ఈ గడువు 48 గంటలకు, భౌగోళికంగా మరీ ఇబ్బంది ఉన్న చోట్ల 72 గంటలకు పెరగవచ్చు. లైంగిక నేరాలు, పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) కేసులు, ఉగ్రవాదం, తిరుగుబాటు వంటి సున్నితమైన కేసుల్లో మాత్రం పెట్టనక్కర లేదు. ఒక కేసు సున్నితమైనదని తేల్చవలసింది డీఎస్పీ, లేదా అంతకంటే పై హోదా అధికారి. స్టేషన్ ఎస్సై తనంతట తాను ఆ నిర్ణయం తీసుకోకూడదు.

కనుక ఆంధ్రప్రదేశ్ పోలీసుల పౌర సేవల పోర్టల్‌లో ఎఫ్‌ఐఆర్ చూడటం ఎవరికైనా సాధ్యమే. కాకపోతే జిల్లా, పోలీస్‌స్టేషన్, సంవత్సరం, క్రైం నంబరు తెలిసి ఉండాలి. మనుషుల పేర్లతో అక్కడ వెతుకులాట సాగదు. ఏదైనా సంఘటన ఫలానా చోట, ఫలానా రోజున జరిగిందని తెలిస్తే స్టేషన్ పరిధిని బట్టి నంబరు పట్టుకోవచ్చు. నెల్లూరు నగరంలోనే చిన్నబజారు, సంతపేట, నవాబుపేట, దర్గామిట్ట, బాలాజీనగర్, వేదాయపాళెం అని స్టేషన్లు ఉన్నాయి. ఒంగోలులో వన్‌టౌన్, టూటౌన్, తాలూకా స్టేషన్లు ఉన్నాయి. ఒకే వీధిలో అటు వైపు ఇల్లు ఒక స్టేషన్ పరిధిలో, ఇటు వైపు ఇల్లు మరో స్టేషన్ పరిధిలో ఉండటం మామూలే. ఒకచోట కనబడకపోతే పక్క స్టేషన్‌లోనూ చూడాలి. ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ కట్టి తర్వాత సంబంధిత స్టేషన్‌కు బదిలీ చేసే వీలుంది కాబట్టి, అలాంటి కేసుకు బదిలీ అయిన చోట కొత్త నంబరు పడుతుంది.

మామూలు పోలీస్‌స్టేషన్లలో అసలు కనిపించని కేసులు కూడా ఉంటాయని చాలామందికి తోచదు. నెల్లూరు లేదా ఒంగోలు స్టేషనులో ఆగిన రైల్లో దొంగతనం జరిగితే అది రైల్వే పోలీసుల దగ్గర నమోదవుతుంది. వెలుగొండ అంచున రాపూరు, ఉదయగిరి వైపు ఎర్రచందనం పట్టుబడితే అటవీ శాఖ తన సొంత నంబరుతో కేసు రాసుకుంటుంది. నాటుసారా కేసు ఎక్సైజ్ స్టేషన్‌లో ఉండవచ్చు. "పోలీస్‌స్టేషన్‌లో అడిగాం, ఏమీ లేదన్నారు" అన్నంత మాత్రాన ఏమీ లేనట్టు కాదు.

ఎఫ్‌ఐఆర్ దొరికిందనుకుందాం. దాని విలువ ఎంత? ఒక మనిషి మరో మనిషి మీద చెప్పిన మాటను పోలీసులు రాసుకున్న కాగితం అది. అందులో పేరు ఉండటానికి ఆధారం అవసరం లేదు, ఆరోపణ చాలు. గట్టు తగాదాల్లో ఇరువర్గాలూ పరస్పరం కేసులు పెట్టుకుని, ఆ ఊళ్లో లేని అన్నదమ్ముల పేర్లు కూడా చేర్చడం పల్లెల్లో అందరికీ తెలిసిన సంగతే. దర్యాప్తు ముగిశాక పోలీసులు "ఫాల్స్" అనో, "మిస్టేక్ ఆఫ్ ఫ్యాక్ట్" అనో, సాక్ష్యం చాలలేదనో కేసు మూసివేస్తే, ఆ తుది నివేదిక కోర్టుకు వెళ్తుంది తప్ప మొదట పెట్టిన ఎఫ్‌ఐఆర్ పక్కన "ఈ కేసు మూతపడింది" అని ఎవరూ పెద్ద అక్షరాలతో రాయరు. అందుచేత ఎఫ్‌ఐఆర్ చూసి సంబంధం తప్పించుకోవడం, ఉద్యోగం నిరాకరించడం తొందరపాటే అవుతుంది. ఎఫ్‌ఐఆర్ తర్వాత ఏం జరిగిందన్నది కోర్టు రికార్డే చెప్పాలి.

ఇక రెండో దశ అరెస్టు. మొదట చెప్పిన ఆ తల్లికి అన్నిటికంటే ముందు కావలసిన సమాచారం ఇదే. చట్టం కూడా ఆమె పక్షానే గట్టిగా నిలబడింది. డి.కె. బసు కేసులో 1996 డిసెంబరు 18న సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలు తర్వాత శాసనంలోకి ఎక్కాయి. నేటి సంహితలో 36వ సెక్షన్ ప్రకారం అరెస్టు చేసేటప్పుడు మెమో రాయాలి. దాని మీద కుటుంబ సభ్యుడో, ఆ ప్రాంతంలో పరువైన వ్యక్తో సాక్షి సంతకం చేయాలి, అరెస్టయిన మనిషి కూడా సంతకం పెట్టాలి. 47వ సెక్షన్ ప్రకారం అరెస్టుకు కారణం ఏమిటో అతనికి చెప్పాలి. 48 ప్రకారం అరెస్టు సంగతిని, అతన్ని ఎక్కడ ఉంచారన్న సంగతిని అతను కోరిన బంధువుకో మిత్రుడికో తెలియజేసి, అలా తెలియజేసినట్టు స్టేషన్ పుస్తకంలో రాసుకోవాలి. 58 ప్రకారం ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి.

వీటిలో జనానికి అంతగా తెలియనిది 37వ సెక్షన్. ప్రతి జిల్లాలో పోలీసు కంట్రోల్ రూం ఉండాలని, ప్రతి జిల్లాలో, ప్రతి స్టేషన్‌లో ఏఎస్సై హోదాకు తగ్గని ఒక అధికారిని నియమించాలని అది చెబుతుంది. అరెస్టయిన వారి పేర్లు, చిరునామాలు, ఏ నేరం మోపారన్న వివరం ఆ అధికారి దగ్గర ఉండాలి. ఆ వివరాలను ప్రతి స్టేషన్‌లోనూ, జిల్లా కేంద్రంలోనూ అందరికీ కనిపించేలా ప్రదర్శించాలి. డిజిటల్ రూపంలో కూడా ప్రదర్శించవచ్చని కొత్త సంహిత చేర్చింది. కనుక కావలిలో తీసుకెళ్లిన మనిషి ఆచూకీ కావలి స్టేషన్‌లో చెప్పకపోతే, నెల్లూరులోని జిల్లా కంట్రోల్ రూంలో అడిగే హక్కు కుటుంబానికి ఉంది. అడిగేటప్పుడు బతిమాలుకోనక్కర లేదు, సెక్షను నంబరు చెప్పి అడగవచ్చు. అరెస్టు కాకుండా 35వ సెక్షన్ కింద నోటీసు ఇచ్చి పంపిన మనిషి పేరు ఈ జాబితాలో ఉండదన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. జనం ఇప్పటికీ "41ఏ నోటీసు" అని పాత పేరుతోనే పిలిచేది దాన్నే.

24 గంటలు దాటినా మనిషి ఎక్కడున్నాడో తెలియకపోతే రెండు దారులున్నాయి. సమాచార హక్కు చట్టంలోని 7(1) సెక్షన్, మనిషి ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించిన సమాచారాన్ని 48 గంటల్లో ఇవ్వాలంటుంది. మామూలు దరఖాస్తుకు ఉండే 30 రోజుల గడువు దీనికి వర్తించదు. ఇంకా వేగంగా పనిచేసేది హైకోర్టులో వేసే హెబియస్ కార్పస్ పిటిషను, అంటే మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని అడిగేది. దానికి లాయరు ఫీజు పెట్టుకోలేని వారికి నెల్లూరు, ఒంగోలు కోర్టు ప్రాంగణాల్లోని జిల్లా న్యాయసేవాధికార సంస్థలు ఉన్నాయి. ఉచిత న్యాయసహాయానికి 15100 అనే ఫోను నంబరు కూడా ఉంది. పోలీసు లేదా జైలు నిర్బంధంలో ఉన్న మనిషికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం అందాలని 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. ఈ ఒక్క మాట తెలియక వడ్డీకి అప్పు తెచ్చి లాయరును పెట్టుకున్న పేద కుటుంబాలు ఎన్నో ఉంటాయి.

రిమాండు పడ్డాక, అంటే మేజిస్ట్రేటు జైలుకు పంపమన్నాక, ప్రశ్న "ఏ జైలు?" అన్న దగ్గరికి వస్తుంది. నెల్లూరుకు దక్షిణంగా వెంకటాచలం మండలం చెముడుగుంటలో కేంద్ర కారాగారం ఉంది. ఒంగోలులో జిల్లా జైలు ఉంది. కావలి, కందుకూరు వంటి పట్టణాల్లో సబ్‌జైళ్లు ఉన్నాయి. మామూలుగా రిమాండు ఖైదీని మేజిస్ట్రేటు వారెంటులో రాసిన జైలుకు పంపుతారు. కాబట్టి అతను ఎక్కడున్నాడో చెప్పగల మొదటి నమ్మకమైన కాగితం ఆ రిమాండు ఉత్తర్వే. రిమాండు వేసిన కోర్టు సిబ్బందిని గానీ, ఆ రోజు హాజరైన లాయరును గానీ అడిగితే తెలిసిపోతుంది. మరో కేసులో పీటీ వారెంటు (జైల్లో ఉన్న ఖైదీని వేరే కోర్టుకు తెమ్మనే ఉత్తర్వు) మీద వేరే జిల్లా పోలీసులు తీసుకెళ్తే జైలు మారిపోతుంది. అనారోగ్యంతో ఆసుపత్రికి తరలించినా మనిషి ఆ జైలు లెక్కల్లోనే ఉంటాడు.

జైళ్లన్నిటినీ కలిపే ఈ-ప్రిజన్స్ అనే కంప్యూటర్ వ్యవస్థ దేశమంతటా ఉంది. అయితే అది అధికారుల కోసం, కోర్టుల కోసం తయారైంది. దారిన పోయేవారెవరైనా తెరిచి ఖైదీల పేర్లు చదువుకోవడం దాని ఉద్దేశం కాదు. బయటివారికి తెరిచి ఉన్న భాగం ప్రధానంగా ఈ-ములాఖత్, అంటే ఖైదీని చూడటానికి ముందుగా సమయం అడిగే సదుపాయం. అందులో ఖైదీ పేరు, ఉన్న జైలు, అడిగేవారి వివరాలు, వారికి ఖైదీకి ఉన్న సంబంధం చెప్పాలి. నిర్బంధంలో ఉన్న మనిషి కూడా ఒక మనిషే, అతని ఉనికి ఊరంతటికీ కాలక్షేపం కాకూడదన్న ఆలోచన ఈ అమరికలో ఉంది. ఇది సరైన ఆలోచనే అని నా నమ్మకం. మన జైళ్లలో ఉన్నవారిలో ఎక్కువ మంది ఇంకా విచారణ ముగియని వారే, నేరం రుజువైనవారు కాదు.

ఛార్జిషీటు సంగతి త్వరగా చెప్పుకోవచ్చు. దర్యాప్తు ముగించి పోలీసులు కోర్టులో వేసే ఈ పత్రాల నకళ్లు ముద్దాయికి, లాయరు ద్వారా హాజరైన బాధితుడికి 14 రోజుల్లోగా అందాలని నాగరిక్ సురక్షా సంహిత 230వ సెక్షన్ చెబుతుంది. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో ఫిర్యాదుదారుకు 90 రోజుల్లోగా చెప్పాలని 193 అంటుంది. బయటివారికి మాత్రం తలుపు మూసే ఉంది. ఛార్జిషీట్లను కూడా ఎఫ్‌ఐఆర్ లాగే వెబ్‌సైటులో పెట్టాలని సౌరవ్ దాస్ వేసిన పిటిషనును సుప్రీంకోర్టు 2023 జనవరి 20న తిరస్కరించింది. సాక్షుల వాంగ్మూలాలు, బాధితుల వివరాలు అందులో ఉంటాయి కనుక అది పబ్లిక్ డాక్యుమెంటు కాదని చెప్పింది.

ఇప్పుడు అసలైన చోటికి వద్దాం. ఒక మనిషి మీద కేసు ఏమైందన్న ప్రశ్నకు అందరికీ తెరిచి ఉన్న జవాబు ఈ-కోర్ట్స్ సేవల పోర్టల్‌లో ఉంది. రాష్ట్రం, జిల్లా, కోర్టు ప్రాంగణం ఎంచుకుని పార్టీ పేరుతో గానీ, కేసు నంబరుతో గానీ, పోలీస్‌స్టేషన్ ఎఫ్‌ఐఆర్ నంబరుతో గానీ వెతకవచ్చు. ప్రతి కేసుకూ సీఎన్‌ఆర్ అనే 16 అంకెలు, అక్షరాల గుర్తింపు ఉంటుంది. మొదటి రెండు అక్షరాలు రాష్ట్రానివి, తర్వాతి రెండు జిల్లావి, ఆపై రెండు స్థానాలు ఆ కోర్టువి, తర్వాతి ఆరు అంకెలు కేసువి, చివరి నాలుగు సంవత్సరం. ఇది చేతిలో ఉంటే ఇక వెతుకులాట అక్కర్లేదు. కేసు నంబరు ముందున్న రకం కూడా చాలా చెబుతుంది. మేజిస్ట్రేటు కోర్టులో విచారణ జరిగేది సీసీ (క్యాలెండర్ కేసు). సెషన్స్ కోర్టులో విచారించవలసిన తీవ్ర నేరం మేజిస్ట్రేటు దగ్గర ఉన్న దశలో పీఆర్సీ, సెషన్స్‌కు చేరాక ఎస్సీ, అంటే సెషన్స్ కేసు. అంటే ఒకే సంఘటనకు క్రైం నంబరు, పీఆర్సీ నంబరు, ఎస్సీ నంబరు అని మూడు నంబర్లు ఉండవచ్చు. వాటిని మూడు కేసులుగా లెక్కపెట్టి "అమ్మో, మూడు కేసులా!" అని బెదిరిపోయేవారూ ఉంటారు.

ఎక్కడ పొరపాటు పడతామో ఇక్కడ కాస్త నిలిచి చూడాలి. పేరుతో వెతికేటప్పుడు కనీసం మూడు అక్షరాలు, కేసు సంవత్సరం ఇవ్వాలి, పేరును ఇంగ్లిషు లిపిలో రాయాలి. నెల్లూరు జిల్లాలో పెంచలకోన నరసింహస్వామి పేరు పెట్టుకున్న పెంచలయ్యలు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. కందుకూరు వైపు మాలకొండ స్వామి పేరున మాలకొండయ్యలు అంతే. ఈ పేర్ల చివరి "అయ్య"ను ఇంగ్లిషులో మూడు నాలుగు రకాలుగా రాస్తారు. ఒక ఎస్సై ఒకలా రాస్తే, కోర్టు గుమాస్తా మరోలా రాస్తాడు. ఇంటిపేరు ఒకచోట ముందు పూర్తిగా, మరోచోట ఒక్క అక్షరంగా, ఇంకోచోట చివర ఉంటుంది. ఊళ్లో పిలిచే పేరు ఒకటి, ఆధార్‌లో ఉన్నది ఒకటి. కనుక వెతికితే కనిపించకపోవడం కేసు లేదనడానికి రుజువు కాదు, కనిపించడం ఆ మనిషే అనడానికీ రుజువు కాదు. తండ్రి పేరు, వయసు, ఊరు, స్టేషన్ నాలుగూ కలిస్తే తప్ప ఇతనే అతనన్న నిర్ణయానికి రాకూడదు. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు గల పెదనాన్న కొడుకు కేసు తనకు చుట్టుకుని పెళ్లి చెడిపోయిన యువకుడి కష్టం ఊహించుకుంటే ఈ జాగ్రత్త ఎందుకో అర్థమవుతుంది.

జిల్లా హద్దులది రెండో చిక్కు. కందుకూరునే తీసుకుందాం. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు నెల్లూరు జిల్లా నుంచి కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి అందులోకి వెళ్లాయి. గుంటూరు నుంచి ఒంగోలు, కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4 నాటి పునర్విభజనలో కందుకూరు మళ్లీ నెల్లూరు జిల్లాలో కలిసింది, గూడూరు తిరుపతి జిల్లాకు, చీరాల, అద్దంకి బాపట్ల జిల్లాకు వెళ్లాయి. పోలీసు జిల్లాలు ఈ హద్దులతో పాటు మారాయి. కోర్టులు అప్పుడు మారలేదు, పాత ఉమ్మడి జిల్లాల న్యాయ విభాగాలే కొనసాగాయి. కనుక ఆ విభజన తర్వాత కూడా గూడూరు కేసును కోర్టు జాబితాలో నెల్లూరు కిందనే, చీరాల, కందుకూరు కేసులను ప్రకాశం కిందనే వెతకవలసి వచ్చింది. ఎఫ్‌ఐఆర్ ఒక జిల్లా పేరున, అదే కేసు కోర్టు రికార్డు మరో జిల్లా పేరున ఉండటానికి కారణం ఇదే. హైకోర్టు విషయంలోనూ ఒక గీత ఉంది. అమరావతి కేంద్రంగా ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2019 జనవరి 1న విడిగా ఏర్పడింది. అంతకు ముందు అప్పీళ్లు హైదరాబాదులోని ఉమ్మడి హైకోర్టులో నడిచాయి.

కేసు దొరికాక చదవవలసిన చివరి గడి "ఎలా ముగిసింది" అన్నది. శిక్ష పడిందా, నిర్దోషిగా విడుదలయ్యాడా, లోక్ అదాలత్‌లో రాజీ అయ్యిందా, ఇంకా వాయిదాలు పడుతోందా అన్నది అక్కడ ఉంటుంది. రాజీ అంటే నేరం ఒప్పుకున్నట్టు కాదు. పెండింగ్ అంటే దోషి అని కాదు. తెర మీద చూసిన ఈ వివరం సమాచారం మాత్రమే. ఏ ఆఫీసులోనైనా చెల్లాలంటే కోర్టులో కాపీ అప్లికేషను పెట్టి ధృవీకరించిన నకలు తీసుకోవాలి. కేసులో పార్టీ కాని మూడో మనిషికి నకలు కావాలంటే ఎందుకో చెప్పి కోర్టు అనుమతి పొందాలి. కోర్టు పత్రాల కోసం సమాచార హక్కు దరఖాస్తు పనిచేయదు. హైకోర్టు నియమాల ప్రకారమే అడగాలని గుజరాత్ హైకోర్టు కేసులో 2020 మార్చి 4న సుప్రీంకోర్టు తేల్చింది.

పోలీసు శాఖకు పెట్టే సమాచార హక్కు దరఖాస్తుతోనూ ఒక ఇబ్బంది ఉంది. "ఫలానా వ్యక్తి మీద ఎన్ని కేసులున్నాయి?" అని అడిగితే 8(1)(జె) కింద వ్యక్తిగత సమాచారమని, దర్యాప్తులో ఉంటే 8(1)(హెచ్) కింద దర్యాప్తుకు అడ్డమని తిరస్కరిస్తారు. "ఈ స్టేషన్‌లో ఈ ఏడాది ఎన్ని కేసులు నమోదయ్యాయి, ఎన్ని మూసివేశారు?" అని అడిగితే ఇవ్వక తప్పదు. తన గురించి తానే ధ్రువపత్రం తెచ్చుకునే దారి మాత్రం ఎప్పుడూ తెరిచే ఉంది. విదేశీ ఉద్యోగానికి పాస్‌పోర్టు సేవా పోర్టల్‌లో 500 రూపాయల రుసుముతో పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ అడగవచ్చు. ట్రంకు రోడ్డు వ్యాపారికి కూడా నేను చెప్పే సలహా ఇలాంటిదే. గుమాస్తా వెనకాల కూపీలు లాగే బదులు అతన్నే కూర్చోబెట్టి అడిగి, అతను చెప్పిన కేసు నంబరును కోర్టు రికార్డులో సరిచూసుకోవడం న్యాయమూ, సులువూ.

ఒక్క వర్గం మనుషుల విషయంలో మాత్రం చట్టం ఈ గోప్యతను పూర్తిగా తొలగించింది. వారు ఎన్నికల అభ్యర్థులు. సుప్రీంకోర్టు 2002, 2003లో ఇచ్చిన తీర్పుల తర్వాత ప్రతి అభ్యర్థీ ఫారం 26 అఫిడవిట్‌లో తన మీదున్న పెండింగ్ కేసులు, పడిన శిక్షలు రాయాలి. ఆ వివరాలను పత్రికల్లో మూడుసార్లు ప్రకటించాలని 2018 సెప్టెంబరు 25 నాటి తీర్పు చెప్పింది. నేరచరిత్ర ఉన్నవారిని ఎందుకు ఎంచుకున్నారో పార్టీలు తమ వెబ్‌సైట్లలో రాయాలని 2020 ఫిబ్రవరి 13 నాటి ఉత్తర్వు చెప్పింది. ఓటరు ఈ అఫిడవిట్‌ను ఎన్నికల సంఘం వెబ్‌సైటులో చదవవచ్చు. పక్కింటి కుర్రాడి కేసుల కోసం ఆరాలు తీసే శ్రద్ధలో పదో వంతు ఈ పత్రాల మీద పెడితే బాగుండునని నాకు అనిపిస్తుంది.

కోర్టు గడప తొక్కని రికార్డులు ఇంకా ఉన్నాయి, ఎక్కువ హాని జరిగేది వీటితోనే. ఎన్నికల ముందు తహసీల్దారు దగ్గర చేసే బైండోవరు శిక్ష కాదు, శాంతికి భంగం కలిగించనని తీసుకునే పూచీ మాత్రమే. రౌడీషీటు, సస్పెక్టు షీటు పోలీసుల నిఘా కాగితాలు. వాటిని తెరవడానికి నేరం రుజువు కావలసిన పని లేదు. 2024 మే 7న అమానతుల్లా ఖాన్ కేసులో సుప్రీంకోర్టు, ఇలాంటి హిస్టరీ షీటు పోలీసుల అంతర్గత పత్రమే తప్ప బహిరంగంగా చూపదగిన రికార్డు కాదని స్పష్టం చేసింది. వెనుకబడిన, అణగారిన వర్గాలకు చెందినవారన్న కారణంగా మనుషుల పేర్లు యాంత్రికంగా ఎక్కకూడదని చెప్పి, ఆ దృష్టితో తమ నియమాలను సమీక్షించుకోమని అన్ని రాష్ట్రాలనూ కోరింది.

ఈ తీర్పు విలువ కావలి ప్రాంతానికి తెలిసినంతగా మరెక్కడా తెలియదేమో. 1871లో పుట్టి 1911లో మద్రాసు రాష్ట్రానికి విస్తరించిన నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల కుటుంబాలను పిల్లాపాపలతో సహా కావలి సెటిల్‌మెంటులో ఉంచారు. దాన్ని అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపింది. బిట్రగుంట పక్కన కప్పరాళ్లతిప్ప కూడా ఆ కాలపు సెటిల్‌మెంటే. అక్కడ పుట్టిన బిడ్డ ఏ నేరమూ చేయకుండానే పోలీసు రిజిస్టరు నీడలో పెరిగింది. ఆ చట్టాన్ని మద్రాసు రాష్ట్రం 1947లో, దేశమంతా 1952 ఆగస్టు 31న రద్దు చేసుకుంది. రిజిస్టరు పోయింది గానీ "ఆ ఊరివాళ్లా?" అన్న అనుమానపు చూపు పోవడానికి తరాలు పడుతోంది. 2024 అక్టోబరు 3న సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు జైలు రిజిస్టర్లలో కులం గడినే తీసివేయమని ఆదేశించింది. పత్రంలో ఒక గడి ఉండటం వల్ల మనిషికి ఎంత నష్టమో ఆ ఊళ్ల పెద్దలను అడిగితే చెబుతారు.

చట్టం గట్టిగా దాచిపెట్టే వివరాలు కొన్ని ఉన్నాయి. అత్యాచార బాధితురాలి గుర్తింపు బయటపెడితే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు. పోక్సో చట్టం పిల్లల వివరాలకు అదే రక్ష ఇస్తుంది. చట్టంతో ఘర్షణ పడిన బాలల పేర్లు, ఫోటోలు ప్రచురించకూడదని బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ చెబుతుంది. వాట్సాప్ గ్రూపులో స్టేషన్ నుంచి వచ్చిన ఫోటోను ముందుకు పంపేవారికీ ఈ నిషేధాలు వర్తిస్తాయి. 2018లో మొదలైన లైంగిక నేరస్థుల జాతీయ డేటాబేసు కూడా పోలీసు, దర్యాప్తు సంస్థలకే పరిమితం.

చివరిగా, కేసు కొట్టివేసిన మనిషి గురించి. అతను నిర్దోషిగా బయటికి వచ్చినా ఈ-కోర్ట్స్‌లో పేరు అలాగే ఉంటుంది, ముగింపు గడిలో మాత్రం నిర్దోషి అని పడుతుంది. కనుక తీర్పు వెలువడిన రోజునే ధృవీకరించిన నకలుకు దరఖాస్తు పెట్టుకోవాలి. ముద్దాయికి తీర్పు నకలు ఇవ్వడం గురించి నాగరిక్ సురక్షా సంహితలోని 404వ సెక్షన్ మాట్లాడుతుంది. నెల్లూరు కోర్టులో కేసు ముగిసి బెంగళూరులో ఉద్యోగంలో చేరే కుర్రాడికి ఏళ్ల తర్వాత పనికొచ్చేది ఆ కాగితమే. అరెస్టు సమయంలో వేలిముద్రలు, ఇతర కొలతలు తీసుకుని ఉంటే, 2022 నాటి నేర విచారణ గుర్తింపు చట్టం వాటిని 75 ఏళ్లు దాచమంటుంది. అదే చట్టం, అంతకు ముందు శిక్ష పడని మనిషి విచారణ లేకుండా విడుదలైనా, డిశ్చార్జి అయినా, నిర్దోషిగా తేలినా, న్యాయ మార్గాలన్నీ ముగిశాక, కోర్టు లేదా మేజిస్ట్రేటు కారణాలు రాసి వేరుగా ఆదేశిస్తే తప్ప, ఆ వివరాలను చెరిపివేయాలని కూడా అంటుంది. అప్పీలు గడువు దాటాక తీర్పు నకలు జతచేసి జిల్లా ఎస్పీ కార్యాలయానికి రాతపూర్వకంగా ఆ మాట గుర్తుచేసి, అందినట్టు రశీదు తీసుకుని భద్రపరచుకోవాలి.